స్తంభములోని దేవుడు, తెఱమీది దేవుడు

సినిమా చూచుట యొకటి, చూచినదానిని గుఱించి మాటలాడుకొనుట మఱియొకటి. మొదటిది మన దేశమున నూఱేండ్లకు పైబడి సాగుచున్నది. రెండవది అరుగులమీదను, వంటయిండ్లలోను, ఆట ముగిసిన పిదప ఇంటిదారిలోను జరిగినదేకాని దాని నెవ్వరును విచారముగా లెక్కింపలేదు. పండితులు దానిని పామరుల ముచ్చటయనిరి. పామరులు తాము చేయుచున్నది బ్రహ్మవిచారమని యెఱుగరైరి. ఆ ముచ్చటలో మన రాయలసీమ వేదాంతచరిత్రకు సంబంధించిన భాగము కొంత గలదని మాకు తోచుటచే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గడచిన వేసవిలో ఆమడగూరిలో మా పెరటిగోడకు తెల్లని దుప్పటి కట్టి, ఇరుగుపొరుగువారితో గూడి ఆదివారపు రాత్రులందు కొన్ని పాత చిత్రములను చూచితిమి. చిత్రము కాగానే దీపము వెలిగించి కొంతసేపు మాటలాడుకొనవలెనని ఏర్పాటు. మొదటి రాత్రి చూచినది 1967లో వెలువడిన "భక్తప్రహ్లాద". రోజారమణి ప్రహ్లాదుడు, ఎస్. వి. రంగారావు హిరణ్యకశిపుడు. స్తంభము పగిలినది, నరసింహుడు వెలువడినాడు, రాక్షసుడు కూలినాడు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. దీపము వెలుగగానే తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె లేచి, "అయివారూ, అన్నిట్లోనూ దేవుడుండాడని ప్రహ్లాదుడు చెప్తాడు గదా, అట్లయితే హిరణ్యకశిపునిలో గూడా ఉండల్ల. మరి నరసింహస్వామి చీల్చింది యెవుర్ని?" అని యడిగెను.

మేము జయవిజయుల శాపకథ చెప్పితిమి. "అది శాపం సంగతి, నేనడిగింది దేవుని సంగతి" అని యామె కూర్చుండలేదు. అంతట బృహదారణ్యకమునందలి అంతర్యామి బ్రాహ్మణమును స్మరించి, సర్వభూతములలోపల నుండియు వానిచే నెఱుగబడని వాడొక్కడు గలడనియు, హిరణ్యకశిపునిలోనుండినవాడును వాడేయనియు, చీల్చబడినది వాని నెఱుగనీయని యహంకారమేయనియు వివరించితిమి. "లోపల ఉన్నోడు లోపలనుంచే చెప్పి ఉండొచ్చు గదా, బయట కంబంలోనుంచి రావల్సిన పనేముండె?" అని మఱల ప్రశ్న. మాకు జవాబు తోచకమునుపే మూలనున్న ముసలియవ్వ, "చెప్పినాడు లేవే, వాడు వింటేగదా!" అనెను. శంకరరామానుజుల భాష్యములు చదివిన మా నోట రాని మాట అది.

ఈ ప్రశ్న మా ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఆమడగూరికి ఈశాన్యమున నున్న కదిరి ప్రహ్లాదుని పుణ్యక్షేత్రము. అచ్చటి నరసింహస్వామి ప్రహ్లాదసమేతుడు. ఖదిరవృక్షము, అనగా చండ్రచెట్టు, పేరుమీద ఆ యూరికి పేరు వచ్చినదందురు. ఆ స్వామి తిరునాళ్లకు ముసల్మానులును వచ్చి మ్రొక్కుట మా తాతలనాటినుండి యున్నదే. దేవుడెచ్చట నున్నాడను ప్రశ్నను ఏటేట రథము లాగి స్మరించు జనమునకు దానిని బొమ్మలలో చూచుటయు అలవాటైనదే. పదునాఱవ శతాబ్దమున లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై చిత్రకారులు కిరాతార్జునీయమును వ్రాసిరి. ఎదుటనున్నవాడు శివుడని తెలియక అర్జునుడు వానితోనే పోరాడు కథ అది. తలయెత్తి చూచు ప్రతివాడును ఆ కథలో అర్జునునికంటె ముందుగా దేవుని గుర్తించుచున్నాడు. చూచుటలో నింత సౌకర్యమున్నది, ఇంత ప్రమాదమును ఉన్నది. బొమ్మలో గుర్తించినవాడు బయట గుర్తించునా?

ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మలవారు నేటికిని గలరు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. మేకతోలును పలుచచేసి, రంగులద్ది, తెల్లని తెఱవెనుక దీపము పెట్టి రామునిని రావణునిని ఆడించుట వారి విద్య. ఆ యాటలో కేతిగాడు, బంగారక్క యని రెండు బొమ్మలు గలవు. రాముడు వనవాసమునకు బోవుచుండగా వారు నడుమ దూరి, మొఱటుగ పరిహాసములాడి, కథను ఆపివేయుదురు. మేము చిన్నప్పుడు దానిని అసభ్యమనుకొంటిమి. ఇప్పుడు వేఱుగ తోచుచున్నది. దేవుని నడిపించునపుడు సైతము మనుష్యుడొకడు నడుమ లేచి "ఇది యేమి?" యని యడుగుటకు ఆ యాటలో చోటుండెను. హరికథలో దాసుగారు పిట్టకథకు ఆగుటయు అట్టిదే. సినిమాకు కేతిగాడు లేడు. అది ఎవరికొఱకును ఆగదు. అందుచేతనే దాని ముందు కూర్చున్నవారు తామే కేతిగాండ్రు కావలసియున్నది.

తెలుగున మొట్టమొదటి మాటలచిత్రము "భక్తప్రహ్లాద" యగుట అందఱెఱిగినదే. 1932 ఫిబ్రవరిలో అది వెలువడెను. దర్శకుడు హెచ్. ఎం. రెడ్డి. సురభి కమలాబాయి లీలావతిగను, మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగను నటించిరి. ఆ చిత్రము నేడు చూచుటకు దొరకదు. అయితే దానికి మూలమైన నాటకము మా సీమవానిదని ఎందఱికి తెలియును? 1853లో ధర్మవరమున బుట్టి, బళ్లారిలో వకీలుగా నుండి, సరసవినోదినీ సభను నెలకొల్పి, 1912లో గతించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారిదే ఆ ప్రహ్లాదనాటకము. నాటకము మంగళాంతము కావలెనను సంస్కృతమర్యాదను దాటి, "విషాదసారంగధర"ను దుఃఖాంతముగ రచించిన సాహసి ఆయన. ఆయన కలమునుండి సురభివారి రంగస్థలమునకును, రంగస్థలమునుండి బొంబాయి యంత్రమునకును ప్రహ్లాదుడు ప్రయాణము చేసెను.

ఈ ప్రయాణములో మాఱినదేమి? తంజావూరు సీమలోని మెలట్టూరున నేటికిని తెలుగులో ఆడబడు భాగవతమేళమున ప్రహ్లాదచరిత్ర ముఖ్యము. అచ్చట నరసింహవేషము వేయువాడు ఉపవాసముండును. ఆ ముఖపుబొమ్మకు పూజ జరుగును. ఆవేశము కలుగునేమోయని వానిని పట్టుకొనుటకు మనుష్యులుందురు. అనగా నేటి రాత్రి దేవుడు వచ్చునో రాడో యను భయము సభకంతకు గలదు. తెఱమీది నరసింహునికి ఆ భయము లేదు. ఎన్నిమారులు త్రిప్పినను అదే క్షణమున, అదే స్తంభమునుండి వచ్చును. రామానుజమతమున భగవంతునికి పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ యని యైదు రూపములు చెప్పుదురు. తెఱమీది రూపము వీనిలో నేది? అర్చయని జనులు తలచినట్లే కనబడును. ఫాల్కే 1917లో తీసిన "లంకాదహన్" చిత్రమున రాముడు కనబడగానే ప్రేక్షకులు సాష్టాంగపడిరని చెప్పుదురు. ఎన్. టి. రామారావు రామకృష్ణ వేషములు వేసినకాలమున తిరుపతి యాత్రికులు మదరాసుకు బోయి ఆయన యింటిముందు దర్శనమునకు నిలిచిన సంగతి పెద్దలు మఱవలేదు. మాకు తోచిన భేదము చిన్నది. అర్చామూర్తికి మనము స్నానముచేయింతుము, నైవేద్యము పెట్టుదుము, జోలపాడుదుము. తెఱమీది మూర్తి మనవలన టిక్కెట్టు రుసుము తప్ప ఏ సేవయు కోరదు. సేవలేని దర్శనము అలవాటైన కన్నులు మఱియేమి నేర్చుకొనునో యాలోచింపవలసినదే.

గాంధీమహాత్ముడు ప్రహ్లాదుని సత్యాగ్రహులలో నాదర్శముగా పలుమారు పేర్కొనెను. తండ్రిని ద్వేషింపక, తండ్రియాజ్ఞను పాటింపక నిలిచిన బాలుడని భావము. 1932లో శాసనోల్లంఘనమునకు జనులు చెఱసాలల పాలగుచున్న దినములలో ఆ చిత్రము చూచినవారికి రాజు, తండ్రి, దేవుడు అను మూడు మాటలు వేఱువేఱుగ వినబడియుండవు. చిత్రమేమో ఆయనకు కిట్టని విద్య. ఆయన చూచినట్లు ప్రసిద్ధికెక్కిన భారతీయ చిత్రము 1943 నాటి "రామరాజ్య" యొక్కటే.

మా ప్రాంతమున ఆ చిత్రములు డేరాటాకీసులలో వచ్చెడివి. నేల టిక్కెట్టునకు మట్టిమీద కూర్చుండవలెను. యంత్రమొక్కటే యుండుటచే రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలుగును. చూచిన భాగమును గుఱించి అప్పుడు డేరాయంతయు మాటలాడెడిది. యంత్రము రెండైన పిదప ఆ విరామము పోయెను. దానికి విచారించువారు మేమొక్కరమే కావచ్చును.

రెండవ ఆదివారము "మాలపిల్ల" చూచితిమి. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు తీసిన చిత్రమిది. కథ గుడిపాటి వెంకటచలముగారిది, మాటలు తాపీ ధర్మారావుగారివి. కాంచనమాల మాలపిల్ల, గోవిందరాజుల సుబ్బారావు ఆచారపరుడైన సుందరరామశాస్త్రి. పురాణచిత్రమున దేవుడెచ్చట నున్నాడని ప్రశ్న. ఈ చిత్రమున దేవుని జూడ నెవ్వనికి అధికారమని ప్రశ్న. మొదటిదాని కొప్పుకొని తలయూపినవారు రెండవదానికి తలయడ్డముగ త్రిప్పుట వింతగాదా? స్తంభమున దేవుడున్నాడని నమ్మినవానికి ఆ స్తంభమును చెక్కినవానిలో దేవుడున్నాడని నమ్ముట కష్టమగుటకు తర్కమేమియు లేదు, అలవాటే కారణము. 1936లో తిరువాన్కూరు రాజు ఆలయప్రవేశమును ప్రకటించెను. చిత్రము వచ్చిన మరుసటియేడు, 1939లో, మదరాసు శాసనసభ ఆలయప్రవేశమునకు తోడ్పడు చట్టము చేసెను, 1947లో దానిని విస్తరించెను. చిత్రమువలన చట్టము వచ్చినదని మేమనము. ఒకే గాలి రెండింటిని కదిలించినది.

ఆ రాత్రి దీపము వెలిగించినప్పుడు మాకొక సంగతి కనబడెను. పెరటిదడి కవతల, చీకటిలో, పదిపండ్రెండుగురు నిలిచియున్నారు. ఎస్సీ కాలనీవారు. మొదటి రాత్రియు వచ్చి నిలిచియే చూచిరట. వారిని రావద్దన్నవారు లేరు, రమ్మన్నవారును లేరు. వారిని లోనికి పిలువవలెనని మా కెవ్వరికిని తోచకపోవుటయే జరిగినది. అంతర్యామి బ్రాహ్మణమును మేము వ్యాఖ్యానించుచున్నంతసేపును వారు దడివెనుక నిలిచి వినుచుండిరి! మా యింటామె మెల్లగ, "ప్రహ్లాదుని మాట మీకు గూడా స్తంభం పగిలినాకనే వినబడినట్లుంది" అనెను. మేము మాఱుపలుకలేదు.

మూడవ ఆదివారము దుప్పటిని రచ్చకట్టకడ రెండు వేపచెట్ల నడుమ కట్టితిమి. అచ్చట దడి లేదు. మొదటి రెండు రాత్రులు మా పెరటికి వచ్చిన మూడిండ్లవారు రాలేదు. వారి పిల్లలు మాత్రము వచ్చిరి. ఆ రాత్రి చిత్రము "యోగివేమన".

ఈ చిత్రమునుగూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది. ఏలయన అది పలువిధముల మాది. వేమన సమాధి కదిరి చెంత, గాండ్లపెంట మండలమున, కటారుపల్లెలో నున్నది. ఆయన పద్యములను 1829లో బ్రౌనుదొర అచ్చువేయించెను. 1928లో మా జిల్లావారే యగు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున వేమననుగూర్చి యుపన్యసించి, కట్టుకథల పొరలు తీసి మనుష్యుని చూపిరి. 1947లో ఆయనను తెఱకెక్కించిన కె. వి. రెడ్డిగారు తాడిపత్రివారు. ఆయనయు చిత్తూరు నాగయ్యగారును వాహినీవారికై మున్ను 1942-43లలో "భక్తపోతన"ను చేసియుండిరి. నాగయ్యగారు తామే 1946లో "త్యాగయ్య"ను తీసిరి. పోతన, త్యాగయ్య, వేమన: ముగ్గురును ఒకే నటుని ముఖముతో తెలుగువారి మనస్సులలో నిలిచిపోయిరి. ఇందు మొదటి యిద్దఱికి చిక్కు లేదు. వారు మూర్తిని గొలిచినవారు, మూర్తులగుటకు వారికేమి యభ్యంతరము? వేమన సంగతి యట్లుగాదు. రాతిబొమ్మలకు మ్రొక్కువారిని జన్మమెల్ల పరిహసించినవానికి బొమ్మ కట్టి, వెలుతురు పెట్టి, సంగీతము కూర్చి, చూచువారిచేత చేతులు జోడింపజేయుట యెట్లు?

కె. వి. రెడ్డిగారు దీనికి చేసిన యుపాయము మా మనస్సున కెక్కినది. ఆ చిత్రమున దేవుడు కనబడి వరమీయడు. మనుష్యుడు తప్పుచేయును, ఏడ్చును, వెదకును. మోహనాంగియను వేశ్యయందు వ్యామోహము, అభిరామునితో గూడి బంగారము చేయు విద్యకై పాటు, ప్రాణప్రదమైన అన్నకూతురు జ్యోతి మరణము, శ్మశానమున కలిగిన వైరాగ్యము, తుదకు గుహాప్రవేశము. తెఱమీద దేవుని స్థానమున నున్నది నాగయ్యగారి ముఖమున కనబడు వెలితియే. చిత్రముచే నిర్గుణమును చెప్పవలసివచ్చినప్పుడు ఇంతకుమించి చేయగలది మాకు తోచదు. ఒక యాక్షేపణ మాత్రముండెను. రాళ్లపల్లివారు విప్పిన కట్టుకథల మూటను చిత్రము మఱల కట్టినది. చరిత్రకారునికి అది నష్టము. చూచువారికి నష్టమో లాభమో చెప్పజాలము.

దీపము వెలిగెను. రచ్చకట్టమీద చాలసేపెవ్వరును మాటలాడలేదు. మొదట మాటలాడినది మా యింటామె. "ఆడబిడ్డ చస్తేగాని ఈయనకు జ్ఞానం రాదా? మోహం పుట్టడానికొక ఆడది, వైరాగ్యం పుట్టడానికొక ఆడపిల్ల. జ్ఞానం మాత్రం మగవానికి." మేము వేమనపక్షమున మాటలాడబోయి, జనశ్రుతిలో ఆయనకు కన్నుదెఱపించినది వదినగారేయనియు, అందొక స్త్రీయే గురువనియు చెప్పితిమి. "ఆ గురువుకు పద్యాలు రాసే తీరిక ఎక్కడుంటుంది లెండి, ఇంటెడు చాకిరీ!" అని కాలనీనుండి వచ్చిన యొక యిల్లాలు నవ్వెను. మొన్నటివఱకు దడివెనుక నిలిచిన గొంతు అది. ఆడవారందఱు నవ్విరి.

అంతట దూదేకుల పెద్దాయన యొకడు బ్రహ్మంగారి కథ యెత్తెను. 1984లో రామారావు "శ్రీమద్విరాట్ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర" తీసినప్పుడు ఆయన నడివయసువాడట. సిద్ధయ్య తమవాడు గనుక ఎన్నిమారులు చూచెనో లెక్కలేదట. సిద్ధయ్యకథ యట్లుండగా, కక్కయ్యకథ మనము మఱవరాదని ఆయన చెప్పెను. దేహములోనే షట్చక్రములు, వానియందు దేవతలు గలరని బ్రహ్మంగారు సిద్ధయ్యకు బోధించుచుండగా చాటునుండి విన్న మాదిగ కక్కయ్య యింటికిబోయి, ఆ దేవతలను కన్నులార చూడగోరి, నిద్రించుచున్న భార్య కడుపు కోసెను. లోపల నెత్తురు, ప్రేవులు తప్ప నేమియు లేవు. స్వామి బొంకినాడని మీదికి వచ్చెను. స్వామి యామెను బ్రతికించి, కక్కయ్యను శిష్యునిగ చేసికొనెను. "చూడల్లనుకున్నోనికి కత్తే దొరుకుతుంది, అయివారూ. సినిమా గూడా అంతే, కోసి చూపిస్తుంది. లోపలుండేది మళ్లా కనబడదు" అని ఆయన బీడీ ముట్టించెను.

మా యింటామె, "ఇందులో గూడా కోసింది పెండ్లాన్నే" అనెను.

ఈ మాటపై తగవు చాలసేపు సాగెను. కక్కయ్య చాటునుండి వినవలసిన యగత్యమేమి, అతనిని ముందఱ కూర్చుండబెట్టి చెప్పియుండిన కత్తిదాక వచ్చునా యని కాలనీ కుఱ్ఱవాడొకడు ప్రశ్నించెను. ఆ యువకుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. దడివెనుక రెండు రాత్రులు నిలిచినవారిలో వీడొకడని మాకు తెలియును. వాడు మావైపు చూచి యడుగలేదు, పెద్దాయనవైపు చూచియే యడిగెను. అయినను ఆ ప్రశ్న మాకు చేరవలసినంత చేరినది. కథలో లోపము భార్యను కోసినవాని మౌఢ్యమే యని మేము నలువదేండ్లుగా తలచియుంటిమి. చాటునుంచినవారి లోపము అందున్నదని ఆ రాత్రివఱకు తోచనే లేదు. ఉపనిషత్తులు చదివిన మాకును, వానిని చదువనీయబడని తాతల మనుమనికిని నడుమ ఆ ప్రశ్న కొంతసేపు నిలిచియుండెను.

పదకొండు గంటలకు కరెంటు పోయెను. దుప్పటి తెల్లగా వేపచెట్లనడుమ వ్రేలాడుచుండెను. మొదటి రాత్రి ప్రశ్నించిన బాలిక దానిని మడతపెట్టుచు, వచ్చే ఆదివారము మఱల "భక్తప్రహ్లాద"నే వేయుమనెను. చూచినదే యేలయని యడిగితిమి. "ఆ పొద్దు వీండ్లెవరూ లోపల లేరు గదా, అయివారూ. నా ప్రశ్న వీండ్లను గూడా అడగల్ల" అనెను.

వచ్చు ఆదివారమునకు అట్లే నిశ్చయించితిమి.